గొర్రెకు తాకని రాయి

జడ్చర్ల ఠాణాలో అమీనుగా, అంటే ఎస్సైగా, పనిచేసిన బీరన్న ఇంట్లో, తలుపు తీయగానే ఎదురుగా గోడమీద ఒక కర్ర షీల్డు కనిపించేది. జిల్లా పోలీసుల రివాల్వర్ పోటీలో గెలిచిన షీల్డు అది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి అడిగే మొదటి మాట ఒకటే. "ఏం తుపాకితోని కొట్టినవ్ సారూ?" ఆ మాట వింటే బీరన్నకు ఒళ్ళు మండేది. కడుపునిండా జొన్నరొట్టెలు తిని, చేసిన మనిషిని వదిలేసి పెనం ఎక్కడ కొన్నారని అడిగినట్టుంది అనేవాడు. అప్పుడు లోపలినుంచి ఆయన భార్య జానమ్మ, "నువ్వు గుడ ఒకప్పుడు పెనాన్నే తిట్టినవ్ గదా, మర్శినవా?" అని అందుకునేది. బీరన్న మీసం దువ్వుకుని ఊరుకునేవాడు. ఊరుకోక ఏం చేస్తాడు, ఆమె చెప్పింది నిజమే.

బీరన్నది నకిరేకల్ పక్కన ఒక కురుమల వాడ. ఎర్రనేల, ఎటు చూసినా బండరాళ్ళు, వాటి సందుల్లో తుమ్మచెట్లు, వానలు పడితే జొన్నచేలు. తండ్రి మల్లప్పకు గొర్రెల మంద ఉండేది. మల్లప్ప మాట తక్కువ మనిషి. ఆ వాడలో పెళ్ళికైనా పంచాయితీకైనా ఆయన వచ్చి గొంగడి పరుచుకుని కూర్చుంటే చాలు, మాట్లాడినా మాట్లాడకపోయినా లెక్కకు వచ్చేవాడు. అలాంటి మనిషి కొడుక్కు నేర్పిన మొదటి విద్య రాయి విసరడం.

రాయి విసరడం అంటే కొట్టడం అనుకునేవాళ్ళు గొర్రెలను కాయనివాళ్ళు. మందలో ముందు నడిచే పొట్టేలు ఎవరి జొన్నచేను వైపో మళ్ళుతుంది. అది మళ్ళితే మంద మొత్తం మళ్ళుతుంది, చేనుగలవాడు కర్ర పట్టుకుని వస్తాడు. అందుకని కురుమ రాయి తీసి పొట్టేలు ముక్కు ముందు నేలమీద పడేటట్టు విసురుతాడు. దుమ్ము లేస్తుంది, పొట్టేలు బెదిరి వెనక్కు తిరుగుతుంది. రాయి దూరంగా పడితే పొట్టేలు లెక్కచేయదు, మరీ దగ్గరగా పడితే దానికే తగులుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న జానెడు నేలమీద పడాలి. ఆ జానెడులోనే కురుమ మర్యాద అంతా ఉంది.

బీరన్నకు ఇంకా మీసం రాని రోజుల్లో ఒకసారి రాయి ఆ జానెడు దాటింది. కడుపుతో ఉన్న ఒక గొర్రె వెనక కాలికి తగిలి అది కుంటసాగింది. మల్లప్ప కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. ఆ వాడలో ఒక కట్టుబాటు ఉండేది. రాయి తగిలిన గొర్రెను, దాని కాలు బాగయ్యేదాకా, తగిలించినవాడే మొయ్యాలి. "ఎత్తుకో" అన్నాడు మల్లప్ప. అంతే. ఆ వానకాలమంతా బీరన్న ఆ గొర్రెను భుజాన వేసుకునే మంద వెంట తిరిగాడు. దాని గుండె కొట్టుకోవడం తన మెడకు తెలిసేది. పక్క మందలవాళ్ళు చూసి నవ్వేవారు, కానీ ఆ నవ్వులు వాడికి పెద్ద బాధ అనిపించలేదు. రాత్రి గొర్రెను దించి పండబెట్టినప్పుడు అది లేవబోయి లేవలేక తనవైపు చూసే చూపే బాధ అనిపించేది.

ఆ తర్వాత బీరన్న రాయి ఏ గొర్రెకూ తాకలేదు. రాయి వదిలే ఆఖరి క్షణంలో మణికట్టు దానంతట అదే కొద్దిగా ఎడమకు తిరిగేది. తిరుగుతోందని వాడికి కూడా తెలియదు. మల్లప్పకు మాత్రం తెలుసు. ఒకనాడు పక్కవాళ్ళు వింటుండగా, "మావోని చెయ్యి మంచిది" అన్నాడు. ఆయన నోట కొడుకును మెచ్చుకున్న మాట రావడం అదే మొదలు. ఇంకోటి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఈ కథంతా దానికోసమే.

పోలీసు చర్య అయిపోయాక నల్లగొండలో కొత్తగా పోలీసులను తీసుకుంటున్నారని తెలిసి బీరన్న వెళ్ళాడు. నిలువెత్తు మనిషి, గొర్రెల వెంట పరుగెత్తిన కాళ్ళు. తీసుకున్నారు. ఖాకీ బట్టలు వేసుకుని ఇంటికి వస్తే మల్లప్ప చాలాసేపు ఆ బట్టలనే చూశాడు. ఆ రోజుల్లో ఖాకీని చూస్తే వాడల్లో ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. మల్లప్పకు అదంతా కళ్ళముందరి సంగతి.

"నౌకరి చెయ్యి, వద్దంట లేను" అన్నాడు చివరకు. "గని కొట్టే చెయ్యి అయితది నీది. కొట్టే చెయ్యి మందల పనికి రాదు. ఇయ్యాల్టి సంది నా మందకు రాయి ఇసరకు."

అన్నమాట తప్పే మనిషి కాదు. బీరన్న సెలవుమీద వస్తే పక్కన కూర్చోబెట్టుకునేవాడు, తన అంబలి పోసేవాడు, గొంగడి ఇచ్చేవాడు. మంద ఎటైనా మళ్ళి, బీరన్న చెయ్యి అలవాటు కొద్దీ రాయి కోసం నేల తడిమితే మాత్రం తానే లేచేవాడు. మోకాళ్ళు నొప్పులైనా తానే లేచి విసిరేవాడు. ఊరంతా సలాం కొట్టే మనిషికి సొంత మందలో రాయి పట్టే అర్హత లేకుండా పోయింది.

భువనగిరి గుట్ట కింద కానిస్టేబులుగా ఏళ్ళు గడిచాయి. జానమ్మ కాపురానికి వచ్చింది. ఆమె కూడా గొర్రెలు మేకల మధ్య పెరిగిందే. భువనగిరిలో కిరాయి ఇంటి వెనక ఒక మేకను కట్టేసి, దాని పాలు లేనిదే తనకు తెల్లవారదని చెప్పింది. బీరన్న జమేదారు, అంటే హెడ్ కానిస్టేబులు, అయ్యాడు. నల్లగొండకు బదిలీ అయితే జానమ్మ మేకను కూడా వెంట తెచ్చుకుంది. నిజాయితీగా ఉన్నాడని, చట్టం బాగా నేర్చుకున్నాడని అమీనుగా పైకి పంపవలసినవాళ్ళలో ఆయన పేరు కూడా చేర్చారు. ఆ చుట్టుపక్కల కురుమ ఇళ్ళలో అమీను అయినవాడు అంతవరకు లేడు. వాడలో ఆ సంగతి తెలిసి ముసలివాళ్ళు కూడా బస్సు దిగినవాళ్ళను, "మా బీరన్న అమీను అయ్యిండా?" అని అడగడం మొదలుపెట్టారు.

రాత పరీక్ష అయిపోయింది. కవాతు అయిపోయింది. మిగిలింది చాందమారి. నల్లగొండ ఊరవతల ఒక గుట్ట అడుగున, మట్టికట్టకు ఆనించి చెక్కపలకలు నిలబెట్టి, వాటిమీద కాగితం అంటించి, కాగితం నడుమ నల్లటి గుండ్రం గీసి, దాన్ని తుపాకితో కొట్టించే జాగా పేరు అది. కానిస్టేబుల్‌గా ఉన్నన్ని రోజులు బీరన్న అక్కడ రైఫిల్‌తో బాగానే కొట్టాడు. రైఫిల్ బరువు భుజంమీద ఉంటుంది, రెండు చేతులు పట్టుకుంటాయి. అమీనుకు కావలసింది రివాల్వర్. అది ఒంటిచేతి పని.

మొదటి ఏడు బీరన్న కొట్టిన తూటాలన్నీ కాగితం ఎడమ అంచు పక్కన మట్టికట్టలో దిగబడ్డాయి. రెండో ఏడు కూడా అంతే. విచిత్రం ఏమిటంటే అన్నీ ఒకేచోట దిగబడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో పేర్చిపెట్టినట్టు. బీరన్నతో పాటు పరీక్షకు వచ్చిన నర్సింహ అనే జమేదారు ఆ కట్ట దగ్గరకు వెళ్ళి చూసి వచ్చి, "గీ పలకను జర ఎడమకు జరిపితే మన బీరన్న పాసే" అన్నాడు. అందరూ నవ్వారు. మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు, ఇక జీవితాంతం జమేదారే. నవ్వినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, అందుకే తొందరగానే నవ్వు ఆపేశారు.

బీరన్న తుపాకినే అనుమానించాడు. ఆయనకు ఇచ్చిన రివాల్వర్ నిజంగానే పాతది. నిజాం కాలం నాటిది, పిడిమీద గీతలు అరిగిపోయి చెయ్యి జారేది. ముందు ఆ పిడికి తోలు కుట్టించాడు. ఫలితం లేదు. గొట్టం వంకర ఉందేమోనని దారం పట్టి చూశాడు. తిన్నగానే ఉంది. నల్లగొండ దర్గాకు వెళ్ళి తాయెత్తు తెచ్చి మణికట్టుకు కట్టుకున్నాడు. అది చూసి జానమ్మ, "తాయెత్తు నీకు గట్టుకున్నవ్ గని, తప్పు తుపాకిదంటున్నవ్ గదా, దానికి గట్టాలె" అంది. బీరన్నకు ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పుడే జిల్లాకు కొత్త రివాల్వర్లు వచ్చాయి. నల్లటి మెరుపు, కొత్త నూనె వాసన. ఆయుధాల కొట్టు దుర్గయ్య చేతికింద ఉండేది. దుర్గయ్య వయసులో పెద్దవాడు, పాత హవల్దారు, ఎప్పుడు చూసినా చేతిలో నూనెగుడ్డ ఉండేది. బీరన్న వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"దుర్గన్నా, గీ ఒక్కసారి కొత్తది ఇప్పియ్యి. గీ పాతదానితోని నా బతుకు పోతాంది."

"ఇస్త తమ్మీ. పెద్దసాబుకు నేనే చెప్పి ఇప్పిస్త" అన్నాడు దుర్గయ్య. "గని ఒక్క మాట. ముందుగాల దీంతోని కొట్టి సూపియ్యి."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ చాందమారికి వెళ్ళారు, బీరన్న, దుర్గయ్య, వెంట నర్సింహ. బీరన్న కొత్త రివాల్వర్ చేతిలోకి తీసుకుంటే హాయిగా ఇమిడింది. ఇక చూడండి అన్నట్టు నిలబడి వరసగా కొట్టాడు. పొగ తేలిపోయాక చూస్తే కాగితం తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. ఎడమన మట్టికట్టలో, పాత గుంటలోనే కొత్త తూటాలు కూడా చేరాయి.

దుర్గయ్య బీరన్న మొలకున్న పాత రివాల్వర్ తీసుకుని, తోలు పిడి విప్పి జేబులో పెట్టుకుని, అదే జాగాలో నిలబడి నింపాదిగా కొట్టాడు. తూటా నల్లగుండ్రంలో పడింది. ఇంకోటి దాని పక్కనే పడింది. అప్పుడు గుడ్డతో గొట్టం తుడిచి బీరన్నకు ఇచ్చాడు. సిగ్గుతో బీరన్న ముఖం కందిపోయింది. అరిగిన పిడిని, గొట్టాన్ని, చివరకు దర్గా తాయెత్తును కూడా నమ్మాడు గానీ, తప్పు తన చేతిలో ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఇప్పుడు నేను నింపుత, నువ్వు కొట్టు. లోపల ఏం పెట్టిన్నో సూడకు" అన్నాడు దుర్గయ్య. అటు తిరిగి రివాల్వర్ నింపి ఇచ్చాడు. తూటాలు పట్టే అరల్లో కొన్నిట్లో నిజం తూటాలు, కొన్నిట్లో కాల్చేసిన ఖాళీవి. ఎప్పుడు పేలుతుందో, ఎప్పుడు పేలదో కొట్టేవాడికి తెలియదు. బీరన్న గురి పెట్టి, పోలీసులంతా ఘోడా అనే మీటను లాగాడు. పేలలేదు. టక్కుమని మాత్రం అంది.

పేలనప్పుడే కనిపించింది. పేలితే ఆ కుదుపులో ఏమీ తెలియదు. ఇప్పుడు చప్పుడు లేదు, పొగ లేదు, కుదుపు లేదు. ఉన్నదల్లా బీరన్న చెయ్యి, ఆ చేతిలో, మణికట్టుతో పాటు చటుక్కున ఎడమకు తిరిగిన రివాల్వర్. నర్సింహ పకపకా నవ్వాడు. బీరన్న మళ్ళీ లాగాడు. మళ్ళీ ఖాళీదే. మళ్ళీ అదే తిరుగుడు. తన చెయ్యే అయినా ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూస్తూ నిలబడిపోయాడు.

దుర్గయ్య నవ్వలేదు. దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు. "ఎవర్ని తప్పిస్తున్నవ్ బీరన్నా?"

ఆ మాటతో బీరన్నకు మెడమీద ఆ గొర్రె గుండె మళ్ళీ కొట్టుకుంది. అక్కడే నేలమీద కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి దుర్గయ్యకు చెప్పాడు. జానెడు నేల గురించి, కడుపుతో ఉన్న గొర్రె గురించి, ఎత్తుకో అన్న తండ్రి గురించి చెప్పాడు. నర్సింహ కూడా విన్నాడు, అతను కూడా ఇక నవ్వలేదు.

"మంచి చెయ్యి తమ్మీ నీది" అన్నాడు దుర్గయ్య. "గని గీడ గొర్రెలు లెవ్వు. ఆ తిప్పుడు ఒక్కటి పోతే నీ అంత గురిగాడు గీ జిల్లాల ఉండడు. తూటాలన్నీ ఒక్కకాడ పడుతున్నయి సూడు, గట్ల నాకు గుడ పడయి."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాడు. బీరన్న మాత్రం తలవంచుకుని ఇంటికి వచ్చాడు. ఆ తిప్పుడు పోవాలంటున్నాడు దుర్గయ్య. ఆ తిప్పుడే తండ్రి నేర్పిన విద్య. అది పోతే మల్లప్ప అన్నమాటే నిజమవుతుంది, నిజంగానే కొట్టే చెయ్యి అయిపోతుంది. పోకపోతే వాడలో ముసలివాళ్ళు బస్సు దిగినవాళ్ళను అడుగుతూనే ఉంటారు. కొన్నాళ్ళు చాందమారి వైపే వెళ్ళలేదు. దుర్గయ్య కబురు చేస్తే జ్వరమని చెప్పించాడు.

జానమ్మకు అబద్ధపు జ్వరాలు తెలుసు. పొద్దున మేకను పితుకుతూ అడిగింది, బీరన్న దాచుకోలేక చెప్పేశాడు.

"ఆ తిప్పుడు ఇడిసిపెడితే బాపు చెప్పిందే అయితది జానా. మందల నిలబడె మొకం ఉండది నాకు."

జానమ్మ చెంబు పక్కన పెట్టింది. "నువ్వు పాలు పితుకుడు ఎప్పుడు నేర్సినవ్?"

"చిన్నప్పుడే."

"పాలు పితుకుడు నేర్సినంక రాయి ఇసురుడు మర్శినవా?"

"గదెట్ల మరుస్త?"

"మరి తుపాకి నేరిస్తే ఎట్ల మరుస్తవ్? చెయ్యి ఒకటే, పనులు రెండు. పితికేది పితికినట్టు, ఇసిరేది ఇసిరినట్టు." మేక పొదుగు చూపించి అంది. "అయినా నువ్వు తుపాకిని గుంజుతున్నవేమో. మేకను గట్ల గుంజితే తన్నదా?"

బీరన్న లేచి మేక దగ్గర కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత పొదుగు మీద చెయ్యి వేశాడు. వేళ్ళు మాత్రమే మెల్లగా ముడుచుకుంటాయి, మణికట్టు కదలదు, మేక నెమరేస్తూ నిలబడే ఉంటుంది. పాలు ఎప్పుడు చెంబులో పడతాయో కూడా చేతికి ముందుగా తెలియదు. బీరన్న నవ్వుకున్నాడు. జ్వరం ఆ పూటే తగ్గిపోయింది.

కొత్త రివాల్వర్ దుర్గయ్యకు తిరిగి ఇచ్చేసి పాతదే తీసుకున్నాడు. కొత్తది నర్సింహ తీసుకుని నాలుగు రోజులు బెల్టుకు పెట్టుకుని బజారంతా తిరిగాడు. బీరన్న రోజూ డ్యూటీ దిగాక ఆయుధాల కొట్టుకు వెళ్ళేవాడు. దుర్గయ్య రివాల్వర్‌లో కాల్చేసిన ఖాళీ తూటాలు నింపి, గొట్టం మీద ఒక అణాబిళ్ళ పెట్టేవాడు. బిళ్ళ పడకుండా ఘోడా లాగాలి. మొదట్లో బిళ్ళ నేలమీద పడి దొర్లిన చప్పుడే తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఆ బిళ్ళను వెతుక్కుంటూ బల్లల కింద దూరిన జమేదారును చూసి కొత్త కానిస్టేబుళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళు. బీరన్న పట్టించుకోలేదు. గొర్రెను మోసినవాడికి ఆ నవ్వులొక లెక్క కాదు.

ఇంట్లో రివాల్వర్ ఉండదు కాబట్టి చెంబుతో సాధన. చెంబు అంచుదాకా నీళ్ళు నింపి, చెయ్యి చాపి పట్టుకుని, నీటి అంచు వణకకుండా నిలబడేవాడు. ఒక్కోసారి జానమ్మ వెనకనుంచి వచ్చి ఉన్నట్టుండి తపేలా కింద పడేసేది. చెంబులో నీళ్ళు తొణికితే, "తడిసినవ్ అమీన్ సాబ్" అని వెళ్ళిపోయేది. అలా తడవడం మానేసిన రోజున ఆయన చెయ్యి చప్పుడుకు బెదరడం కూడా మానేసింది.

దుర్గయ్య నేర్పింది ఇంకొకటి ఉంది. దూరాన ఉన్న నల్లగుండ్రాన్ని చూడకు, గొట్టం చివర ఉన్న చిన్న మొనను చూడు అన్నాడు. గుండ్రం మసకగా కనిపించినా ఫికర్ లేదు, మొన మాత్రం దారంలా తేటగా కనిపించాలి. ఇది బీరన్నకు కష్టమైంది. గొర్రెల కాపరి కన్ను ఎప్పుడూ దూరాన ఉన్న పొట్టేలు మీదే ఉంటుంది. ఆ కన్నును వెనక్కు పిలుచుకుని చేతి చివర నిలబెట్టడానికి చలికాలం పట్టింది. ఇంత చేసినా ఆయన ఖర్చు చేసిన తూటాలు మాత్రం చాలా కొద్ది. దుర్గయ్య ఎప్పుడో ఒకనాడు నిజం తూటా కలిపి పెట్టేవాడు, అది పేలినప్పుడు బీరన్నే ఉలిక్కిపడి, మణికట్టు కదలలేదని తెలుసుకుని పసిపిల్లవాడిలా సంబరపడేవాడు.

పరీక్ష రోజు ఎస్పీ సాబ్ స్వయంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బీరన్న పాత రివాల్వర్ తీసి నిలబడ్డాడు. మొదటి తూటా కొట్టాడు. కాగితం ఎడమ అంచున చిన్న రంధ్రం పడింది. వెనకనుంచి ఎవరో చీ అన్నారు. బీరన్నకు ఒళ్ళంతా చెమట పట్టింది. పాత చెయ్యి ఇంకా లోపల ఉంది, సమయం చూసుకుని బయటకు వచ్చింది. ఆయన చెయ్యి దించేశాడు. తొందరపడమని ఎవరూ అనలేదు, అన్నా వినేవాడు కాదు. గాలి లోపలికి పీల్చి సగం వదిలాడు. చెయ్యి మళ్ళీ ఎత్తాడు. మొనను చూశాడు. వేలు ఒక్కటే మెల్లగా ముడుచుకుంది. ఎప్పుడు పేలిందో ఆయనకు ముందుగా తెలియలేదు. నల్లగుండ్రంలో పడింది. మిగిలినవీ అందులోనే పడ్డాయి.

ఎస్పీ సాబ్ లేచి కాగితం దగ్గరకు వెళ్ళి చూశాడు. "ఏ రివాల్వర్ జమేదార్? కొత్తదా?" అని అడిగాడు.

"పాతదే సాబ్" అన్నాడు బీరన్న. పక్కన దుర్గయ్య నూనెగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆయన ముఖంమీద మెరిసినదాన్ని ఎవరైనా చెమట అనుకుంటే అనుకోనీ, కాదని బీరన్నకు తెలుసు.

భుజాలమీద నక్షత్రాలు పెట్టుకుని బీరన్న వాడలో బస్సు దిగాడు. ముసలమ్మలు మెటికలు విరిచారు, ఎవరో డప్పు కూడా తెచ్చారు. జానమ్మను ఆ గుంపుకు అప్పగించి, తప్పించుకుని తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళాడు. బండల అవతల, తుమ్మనీడలో మల్లప్ప గొంగడిమీద కూర్చుని ఉన్నాడు. కొడుకును చూసి కొద్దిగా జరిగి జాగా ఇచ్చాడు. నక్షత్రాలను ఒకసారి చూసి మంద వైపు తిరిగాడు.

"గురి కుదిరిందంటనే" అన్నాడు.

"కుదిరింది బాపు."

"కొట్టుడు నేర్సినవన్నమాట."

ఇంతలో మంద ముందున్న పొట్టేలు తల ఎత్తి, పక్కవాళ్ళ జొన్నచేను వైపు నడక మొదలుపెట్టింది. దాని వెంట ఇంకో రెండు కదిలాయి. బీరన్న కదలకుండా కూర్చున్నాడు, తండ్రే లేస్తాడని. మల్లప్ప మోకాళ్ళ మీద చేతులు ఆన్చాడు, కానీ లేవలేదు. పొట్టేలు చేను అంచుకు చేరుతోంది.

"సూస్తవేందిరా" అన్నాడు మల్లప్ప. "లే."

బీరన్న లేచాడు. నేల తడిమి ఒక రాయి తీసుకున్నాడు. చేతికి అందిన రాయి ఎంత బరువుందో కూడా చూసుకోలేదు. చాందమారిలో ఎస్పీ సాబ్ ముందు కూడా అంత భయం వేయలేదు. అక్కడ తప్పితే అమీను పదవి పోతుంది. ఇక్కడ తప్పితే తండ్రి చెప్పిందే నిజమైపోతుంది. మొన లేదు, వేలు లేదు, కన్ను తనంతట తానే దూరాన పొట్టేలు మీదకు వెళ్ళింది. చెయ్యి విసిరింది. ఆఖరి క్షణంలో మణికట్టు, ఎవరూ చెప్పకుండానే, కొద్దిగా ఎడమకు తిరిగింది.

పొట్టేలు ముక్కు ముందు దుమ్ము లేచింది. పొట్టేలు ఆగి, తుమ్మి, వెనక్కు తిరిగింది. దానితో పాటు మంద మొత్తం తిరిగింది.

మల్లప్ప మెల్లగా లేచాడు. మోకాళ్ళు పట్టుకుని పట్టుకుని ఆ జాగాదాకా నడిచాడు. పొట్టేలు గిట్ట గుర్తును, రాయి పడిన గుంటను వంగి చూశాడు. రెంటికీ నడుమ చెయ్యి పరిచి కొలిచాడు. తిరిగివచ్చి గొంగడిమీద కూర్చుని, చేతికున్న మట్టి దులుపుకున్నాడు. బీరన్న ఇంకా నిలబడే ఉన్నాడు.

"రేపు నాకు నకిరేకల్ అంగట్ల పనుంది" అన్నాడు మల్లప్ప. "మందను నువ్వు తోలుకపో."

మర్నాడు బీరన్న ఖాకీ చొక్కా ఇంట్లో దండెం మీద వేసి, గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని మంద వెంట వెళ్ళాడు. మల్లప్ప నిజంగానే నకిరేకల్ వెళ్ళాడు గానీ అక్కడ ఆయనకు పెద్ద పనేమీ లేదు. అంగట్లో ఆ మూలనుంచి ఈ మూలకు, మళ్ళీ ఈ మూలనుంచి ఆ మూలకు తిరిగాడట. మాట తక్కువ మనిషి ఆ రోజు కనబడిన ప్రతివాడినీ తానే ఆపి పలకరించాడట. "మంద కాడ ఎవరున్నరు మల్లప్పా?" అని ఎవరో అడిగేదాకా అలాగే తిరిగి, అడిగాక నిలబడి, అంగడంతా వినబడేటట్టు చెప్పాడట.

"మా అమీన్ సాబ్ ఉన్నడు. మంచి చెయ్యి వానిది."